ఆ రోజు పక్కన ఎవరుంటరు

మల్లీశ్వరి అడిగింది ఒకే ఒక్క గడి.

ఇంటర్ కాలేజీలో ప్రతి పిల్లవాడి పేరు మీద ఒక ఫారం ఉంటుంది. అందులో కులానికి ఒక గడి, ఆదాయానికి ఒక గడి, ఆధార్‌కు ఒకటి, ఒంటి మీది పుట్టుమచ్చలకు రెండు. కుడి భుజం మీద మచ్చ ఉందని రాసుకోవడానికి జాగా ఉన్న కాగితంలో, రిజల్టు వచ్చే రోజు ఈ పిల్లవాడి పక్కన ఎవరుంటారో రాసుకోవడానికి మాత్రం జాగా లేదు. ఆ మనిషి పేరు, ఆ మనిషి చేతిలో ఉండే ఫోను నంబరు రాసుకోవాలి. పిల్లవాడి ముందే ఒకసారి ఆ నంబరుకు చేసి, మోగుతోందా లేదా చూసుకోవాలి. అంతే. దానికి కొత్త పోస్టులు అక్కర్లేదు, పెద్ద సార్లు ఎవరూ నిద్ర మానుకోనక్కర్లేదు. కాగితం మీద ఒక గీత గీస్తే చాలు. ఆ గీత గీయించడానికి ఏడు నెలలుగా జిల్లా ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరుగుతోంది.

ఎందుకంత పట్టుదల అంటే, తమ్ముడు గిరి.

కట్టంగూర్ నుంచి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే వాళ్ల ఊరు. గొర్లు కాసే ఇల్లు. యాసంగి వరి కోతలు అయ్యాయంటే నాయిన బీరన్న, అమ్మ రామమ్మ మందను తోలుకుని హాలియా దిక్కు పోతారు. కోసిన మడుల్లో గొర్లు మేస్తాయి, రాత్రిపూట ఏ రైతు చెలకలోనో మందను ఆపుతారు. మళ్లీ వానలు పడేదాకా ఇంటి మొహం చూడరు. రెండేళ్ల కింద కూడా అట్లాగే పోయారు. మల్లీశ్వరి నల్గొండలో డిగ్రీ హాస్టల్లో ఉంది. ఇంట్లో గిరి, చెవులు సరిగా వినపడని అవ్వ నర్సింగమ్మ. ఇంటర్ ఫస్టియర్ రిజల్టు ఏప్రిల్లో వచ్చింది. గిరి మూడు సబ్జెక్టులు తప్పాడు. పొద్దుగూకేసరికి గిరి లేడు. వాడు తన ప్రాణం తానే తీసుకున్నాడని ఊరివాళ్లు హాస్టల్‌కు ఫోన్ చేసి చెప్పారు.

ఆ రోజు కాలేజీ క్లర్కు పదకొండున్నరకు రెండుసార్లు ఇంటికి ఫోన్ చేశాడు. తప్పిన పిల్లల ఇళ్లకు చెప్పమని ప్రిన్సిపాల్ అన్నాడట. కానీ ఫారంలో ఉన్న నంబరు బీరన్నది కాదు. కట్టంగూర్‌లో నెట్ సెంటర్ నడిపే నాగేందర్‌ది. అడ్మిషన్ నాడు ఓటీపీ రావాలి కదా. నాయిన చూస్తే మంద దగ్గర, ఫోన్లో చార్జింగ్ ఉండదు. "నా నంబర్ ఏస్త తియ్, తర్వాత మార్చుకుందురు" అన్నాడు నాగేందర్, మంచికే. ఆ తర్వాత అనేది ఎవరికీ రాలేదు. మంద వెంట పోయే ఇళ్లన్నింటి పిల్లలకూ అదే నంబరు. పొద్దంతా ఆ ఫోనుకు ఎవరెవరి కోసమో కాల్స్ వస్తుంటే నాగేందర్ కట్ చేస్తూ ఉంటాడు. ఆ రోజూ కట్ చేశాడు.

ఆ ఫోను ఎత్తి ఉంటే గిరి బతికేవాడా అంటే ఎవరు చెప్పగలరు. మల్లీశ్వరి కూడా అట్లా అనదు. ఎత్తే మనిషి ఉండాల్సింది అని మాత్రం అంటుంది.

డిగ్రీ ఫైనలియర్లో ఉండగా ఆమె కాలేజీ లెక్చరర్ ఆమె పేరు జిల్లాకు పంపాడు. పిల్లల ఆత్మహత్యలు ఆపడానికి జిల్లాలో ఒక విధానం తయారు చేస్తున్నారు, అందులో యువతను కూడా కూర్చోబెడతారు అన్నాడు. మల్లీశ్వరి ఆ రాత్రంతా కూర్చుని ఆ గడిని గీసుకుంది. స్కేలు పెట్టి, మూడు రకాలుగా గీసి, అన్నింటికన్నా చిన్నగా ఉన్నదాన్ని ఎంచుకుంది. చిన్నదైతే కాదనడానికి వీలుండదు అనుకుంది పిచ్చిపిల్ల.

మొదటి మీటింగ్ సెప్టెంబర్లో. ఐదుగురు యువ ప్రతినిధులకు శాలువాలు కప్పారు. మనసు దవాఖాన డాక్టరమ్మ సుచరిత ఒక పక్క కూర్చుంది, ఇదంతా నడిపించే అధికారి శివకుమార్ మధ్యలో కూర్చున్నాడు. ఎవరేం చెప్పినా శ్రద్ధగా తల ఊపడం శివకుమార్‌కు బాగా వచ్చు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు, ఆ సుఖం కూడా లేకుండా చేశాడు.

ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. మల్లీశ్వరి లేచి నిలబడింది.

"సార్, మంద దొడ్లెకు రాంగనే మా అమ్మ ఏ పిల్ల ఏ తల్లి కాడుందో చూస్తది. అరిసే పిల్లను గాదు సార్, అది ఎట్లన్న తల్లిని దొరకబట్టుకుంటది. అరవకుండ మూలకు నిలబడ్డ పిల్లను చూస్తది. దాన్ని ఎత్తుకపోయి తల్లి కింద ఇడుస్తది. మేం అడిగేది గంతే. రిజల్టు దినం ఏ పిల్లగాడి పక్కన ఎవరుంటరో ముందుగాల్నే రాసి పెట్టుకోవాలె. ఎవరూ లేరంటే ఎవర్నన్న ఉంచాలె."

గీసుకొచ్చిన కాగితం చూపించింది. నంబర్ల సంగతి, నాగేందర్ సంగతి, ఓటీపీ సంగతి అంతా చెప్పింది. డాక్టరమ్మ రాసుకుంది.

"చాలా బాగా చెప్పినవమ్మా. గొర్రెపిల్ల మాట అద్భుతం" అన్నాడు శివకుమార్. తర్వాత తమ పథకం వివరించాడు. ఫెయిలయిన ప్రతి విద్యార్థి ఇంటికీ కంప్యూటర్ నుంచి ఫోన్ పోతుంది, ధైర్యం చెప్పే మాటలు రికార్డు చేసి వినిపిస్తారు.

"ఏ నంబర్‌కు పోతది సార్?" అంది మల్లీశ్వరి.

"రికార్డుల ఉన్న నంబర్‌కు."

"రికార్డుల ఉన్నది తప్పు నంబరని గిప్పుడే కద సార్ చెప్పిన."

"నోట్ చేసుకున్నం" అని ఆయన తల ఊపాడు. టీ వచ్చింది. అందరూ ఫోటోకు నిలబడ్డారు.

ఆ తర్వాత నెలలు గడిచాయి. మల్లీశ్వరి ఆరుసార్లు ఆఫీసుకు పోయింది. ఒకసారి సార్ క్యాంపులో ఉన్నాడు, ఒకసారి లంచ్‌లో ఉన్నాడు, ఒకసారి ఆమె ముందే ఉన్నాడు గానీ బిజీగా ఉన్నాడు. "మళ్లీ మీటింగ్ ఉంటది, ఫోన్ చేస్తం" అన్నారు ప్రతిసారీ. ఫోన్ రాలేదు. ఇంటికి వస్తే మంద దగ్గర్నుంచి వచ్చిన నాయిన ఒక్క మాట కూడా అడిగేవాడు కాదు. గిరి పోయినప్పటి నుంచి బీరన్న ఇంట్లో రెండు రోజులకు మించి ఉండడం లేదు. వాడి పేరు ఎత్తితే లేచి దొడ్డి దిక్కు పోతాడు.

ఏప్రిల్లో లెక్చరర్ చెప్పాడు, పుస్తకం ఆవిష్కరణ ఉంది రమ్మన్నారని. మల్లీశ్వరి పోయింది. నున్నటి కాగితాల మీద అచ్చు వేశారు. అట్ట మీద శాలువాతో ఆమె ఫోటో. లోపల మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో 'అరవని పిల్లను చూద్దాం' అని రాసి, పక్కన ఒక గొర్రెపిల్ల బొమ్మ వేశారు. బొమ్మ మెడలో గంట కూడా పెట్టారు. మల్లీశ్వరి ముప్పై రెండు పేజీలూ తిప్పింది, ఫారం నమూనా ఉన్న చివరి పేజీ దాకా. పుట్టుమచ్చల గడులు రెండూ భద్రంగా ఉన్నాయి. ఆమె అడిగిన గడి లేదు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. మాట తీసుకున్నారు, మొహం తీసుకున్నారు, అడిగింది మాత్రం వదిలేశారు. స్టేజీ దిగుతున్న శివకుమార్‌కు ఎదురుపోయింది.

"సార్, గా గడి ఏది?"

"రెండో మీటింగ్ల ఫారం ఫైనల్ చేసినం కదమ్మా. నువ్వే రాకపోతివి. ఉంటే కొట్లాడి పెట్టిచ్చేదానివి."

"రెండో మీటింగ్ ఎప్పుడైంది? నాకెవరు చెప్పిన్రు?"

ఆయన నొచ్చుకున్నాడు. ఫైలు తెప్పించాడు. డిసెంబర్ నెల పేజీలో ఆమె పేరుకు ఎదురుగా గైర్హాజరు అని ఉంది. కింద, 'మూడుసార్లు ఫోన్ చేయడమైనది, స్పందన లేదు'. దాని కింద నంబరు.

ఆ నంబరు మల్లీశ్వరికి నిద్రలో లేపి అడిగినా వచ్చు. నాగేందర్‌ది. ఆమె కూడా డిగ్రీలో చేరింది ఆ నెట్ సెంటర్ నుంచే. మొదటి మీటింగ్‌లో సంతకం పక్కన తన సొంత నంబరు రాసింది గానీ, ఆఫీసువాళ్లు కాలేజీ రికార్డు చూసి చేశారు.

"సార్," అంది. ఫైల్లోని ఆ నంబరు మీద వేలు పెట్టింది. "గిదే సార్ నేను చెప్పింది. గా దినం మా తమ్మునికి చేసిన ఫోన్ గీ నంబర్‌కే పోయింది. మొన్న డిసెంబర్ల నాకు చేసిన ఫోన్ గూడ గీడికే పోయింది. నన్ను పిలవనీకె మీతోనే కాలేదు. గా పిల్లలకు ఎట్ల చేస్తరు?"

శివకుమార్ శ్రద్ధగా తల ఊపాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

"పొరపాటైంది. నీ కరెక్టు నంబర్ చెప్పు, ఇప్పుడే మార్పిస్త."

పక్కనున్న సుచరిత డాక్టరమ్మకు అర్థమైంది. ఆమె తల వంచుకుంది. "నేను రాసిచ్చిన మల్లీశ్వరీ, ఫార్మాట్ మార్చనీకె పైనుంచి పర్మిషన్ కావాల్నన్నరు. వచ్చే ఏడుకు మళ్లీ పెడదాం" అంది.

"రిజల్టు తొమ్మిది దినాలల్ల ఉంది మేడం" అంది మల్లీశ్వరి. నంబరు చెప్పి బయటికి వచ్చేసింది.

బస్సు దిగి నేరుగా నెట్ సెంటర్‌కు పోయింది. నాగేందర్ ఎవరిదో కులం సర్టిఫికెట్ ప్రింటు తీస్తున్నాడు. నలభై ఏళ్ల మనిషి, అందరికీ అన్న. డిసెంబర్లో తనకోసం కాల్స్ వచ్చాయా అని అడిగింది.

"వచ్చి ఉంటయ్ చెల్లె. దినాం ఇరవై వస్తయ్, ఎవరికని చెప్పాలె? కట్ చేస్త."

రెండేళ్లుగా ఈ సంగతి అతనికి చెప్పకూడదు అనుకుంది మల్లీశ్వరి. మంచికి పోయి చేసినవాడు, తెలిస్తే జీవితాంతం మోస్తాడు అనుకుంది. కానీ ఆ రోజు ఆమెలో ఓపిక అయిపోయింది.

"గిరి పోయిన దినం గూడ కట్ చేసినవన్న. పదకొండున్నరకు, రెండుసార్లు. కాలేజోళ్లు చేసిన్రు."

ప్రింటర్ ఆగిపోయింది. నాగేందర్ కాగితం తీయలేదు. ఎదురుగా కూర్చున్న ముసలాయన సర్టిఫికెట్ అడిగితే రేపు రమ్మన్నాడు. షట్టర్ సగం దించి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నాకు చెప్పకపోతివా" అన్నాడు.

"చెప్తే ఏమొస్తదన్న."

అతను మొహం తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఈ ఏడు తన నంబరు మీద ఉన్న ఇంటర్ పిల్లల ఫారాలు ఒక్కొక్కటే తెరిచాడు. ముప్పై ఒక్క మంది. కాలేజీకి పోయి నంబర్లు మార్చమంటే, పరీక్షలు అయ్యాక ఇప్పుడు రికార్డు తెరుచుకోదు, వచ్చే జూన్‌లో రమ్మన్నారు.

మల్లీశ్వరి ఒక లాంగ్ నోట్‌బుక్ కొని స్కేలుతో గీతలు కొట్టింది. పేరు, ఊరు, ఆ రోజు పక్కన ఎవరుంటరు, వాళ్ల ఫోను. నాగేందర్ బండి మీద ఇద్దరూ ఎనిమిది రోజులు ఊళ్లు తిరిగారు. ఒక పిల్ల తండ్రిది జడ్చర్లలో మందుల కంపెనీలో పని, పదిహేను రోజులకోసారి వస్తాడు. ఆ రోజుకు సెలవు పెడతానన్నాడు. ఒకామె పనికి పోకుండా ఇంటికాడే ఉంటానంది. ఒక ఇంట్లో, "మా పిల్ల ఫస్టు వస్తది, మాకెందుకు గీ అపశకునం" అని తలుపు వేసుకున్నారు. పక్కింటి మారెమ్మ వచ్చి, నేను కూరగాయలు కోసుకుంట వాళ్లింట్లనే కూసుంట, నా పేరు రాయి అంది. ముప్పై గడులు నిండాయి. నిండినకొద్దీ మల్లీశ్వరికి సంతోషం కాదు, కోపం వచ్చింది. ఎనిమిది రోజుల్లో ఒక పాత బండి మీద అయిన పని ఏడు నెలల్లో ఏసీ హాల్లో కాలేదు కదా అని.

ముప్పై ఒకటోవాడు రిత్విక్. వాళ్లూ మంద మనుషులే. తండ్రి గుర్వయ్య, తల్లి సుక్కమ్మ బీరన్నతో కలిసే హాలియా దిక్కు పోయారు. పిల్లవాడు ఒక్కడే వండుకుని తింటున్నాడు.

"పక్కన ఎవరుంటరు తమ్మీ?"

"ఎవరూ అవసరం లేదక్కా. నాకేం ఫికర్ లేదు" అన్నాడు నవ్వుతూ. గిరి కూడా అట్లాగే నవ్వేవాడు.

మల్లీశ్వరి ఆ రోజంతా నాయినకు ఫోన్ చేసింది. స్విచ్ ఆఫ్. మర్నాడు బీరన్నే ఎవరో రైతు ఫోన్ నుంచి చేశాడు. ఆమె గుర్వయ్యను పంపమంది.

"మందను ఎవలకు ఇడిసిపెట్టి వస్తడు బిడ్డ? కోసిన మడుల మీద ఉన్నం."

"నాయినా," అంది. రెండేళ్లుగా అనని మాట అంది. "గిరి దినం గూడ గిట్లనే మంద కాడ ఉంటివి."

అవతల గొర్లు అరుస్తున్నాయి.

"ఎన్నడు?" అన్నాడు బీరన్న.

"రేపే. పదకొండు గంటలకు."

ఫోను కట్ అయింది. వస్తున్నాడో లేదో చెప్పలేదు. మల్లీశ్వరి రిత్విక్ గడిలో గుర్వయ్య పేరు రాయలేదు. తన పేరు రాసుకుంది.

మర్నాడు తొమ్మిదికే పోయి రిత్విక్ ఇంటి అరుగు మీద కూర్చుంది. పదకొండయింది. పిల్లవాడు ఫోన్లో హాల్‌టికెట్ నంబరు కొట్టి చూసుకున్నాడు. రెండు సబ్జెక్టులు పోయాయి. ఫోన్ బోర్లా పెట్టి గోడ వైపు తిరిగాడు. మల్లీశ్వరి మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. వాడు ముట్టుకోలేదు.

"నాయినకు చెప్పకక్కా. నాయినకు మొహమెట్ల చూపియ్యాలె" అన్నాడు, గోడతో అన్నట్టు.

ఆమెకు లేచి పోకూడదు అని మాత్రం తెలుసు. దగ్గరికి జరిగి వాడి భుజానికి తన భుజం ఆనించి కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో తెలియదు. బయట బండి ఆగిన చప్పుడైంది.

గుర్వయ్య లోపలికి వచ్చాడు. ఒళ్లంతా దుమ్ము, భుజం మీద గొంగడి, గొర్ల వాసన. ఏమైందని అడగలేదు, ఎన్ని మార్కులని అడగలేదు. కొడుకు పక్కన కూలబడి వాడి తల తన వైపు తిప్పుకున్నాడు.

"తిన్నవా కొడుకా?" అన్నాడు.

రిత్విక్ అప్పుడు ఏడ్చాడు. పెద్దగా, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అది వినగానే మల్లీశ్వరికి ఊపిరి తిరిగింది. బయటికి వచ్చింది.

బండి పట్టుకుని బీరన్న నిలబడి ఉన్నాడు. గుర్వయ్యకు బండి నడపడం రాదు. సుక్కమ్మను, రామమ్మను మంద దగ్గర ఉంచి, ఎవరి బండో అడుక్కుని బీరన్నే పొద్దున్నే బయల్దేరి అంత దూరం నడుపుకుంటూ వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. లోపల పిల్లవాడి ఏడుపు వింటూ అట్లాగే నిలబడ్డాడు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

"ఇయ్యాల వచ్చిన బిడ్డ" అన్నాడు. "ఇయ్యాల వచ్చిన."

మల్లీశ్వరి తండ్రి చెయ్యి పట్టుకుంది. రెండేళ్లలో ఇద్దరూ కలిసి ఏడవడం అదే మొదలు.

సాయంత్రం ఆమె ఫోను మోగింది. శివకుమార్. సరైన నంబరుకే చేశాడు, మార్పించాడు మరి.

"మల్లీశ్వరీ, శుభాకాంక్షలు. మీ దిక్కుది నూటికి నూరు. ఒక్క కాల్ గూడ మిస్ కాలే. అన్నీ ఎత్తిన్రు, అన్నీ చివరిదాక విన్నరు. జిల్లాల మీరే ఫస్టు. మన పథకం ఎంత బాగ పని చేసిందో చూసినవా?"

ఆమెకు ముందు అర్థం కాలేదు. తర్వాత అయింది. కాల్స్‌లో ఏ ఒక్కటైనా నిజం మనిషి చేసింది ఉంటుందేమోనని నాగేందర్ పొద్దంతా షాపులో కూర్చుని ప్రతి ఫోనూ ఎత్తాడు. రికార్డు గొంతు 'మీ బిడ్డకు ధైర్యం చెప్పండి' అంటూ ఉంటే చివరిదాకా విన్నాడు. తప్పిన పన్నెండు మంది కోసం పన్నెండుసార్లు. ఎవరి బిడ్డో ఆ గొంతు ఒక్కసారి కూడా చెప్పలేదు.

"గవన్నీ ఒక్క మనిషే ఎత్తిండు సార్. నాగేందర్ అన్న."

"ఆ నాగేందర్ ఏ కాలేజ్ స్టూడెంట్?" అన్నాడు శివకుమార్.

మల్లీశ్వరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎన్నిసార్లు చెప్పాలి. ఎంత మంది పిల్లలు పోతే చెవికెక్కుతుంది.

"వచ్చే వారం సన్మానం ఉంది, రావాలె" అన్నాడాయన. "మీ అనుభవం చెప్పాలె."

వద్దనబోయింది. ఎదురుగా అరుగు మీద నాయిన ఆ నోట్‌బుక్ తెరుచుకుని కూర్చున్నాడు. చదువు రాదు. మూడో నిలువు వరసలోని గడులను ఒక్కొక్కటే వేలితో తడుముతూ పోతున్నాడు.

"వస్త సార్. నేను మాట్లాడ. మా నాయిన మాట్లాడ్తడు. గా గడిల ఎవరి పేరుండాల్నో ఆయనకే తెలుసు. ఆయన చెప్పినంక ఫారం మార్చకుండ మమ్మల్ని పంపిచ్చి చూడున్రి."

"చాలా మంచిదమ్మా" అన్నాడు శివకుమార్. పెన్ను నొక్కిన చప్పుడు వినపడింది. "మీ నాయిన నంబర్ చెప్పు, మెసేజ్ పెట్టిస్త."

బీరన్న ఫోను చార్జింగ్ లేక జేబులో ఎప్పుడో ఆగిపోయి ఉంది.

"నంబర్ రాసుకోకున్రి సార్" అంది మల్లీశ్వరి. "నేనే చెయ్యి పట్టుకొని తీస్కొస్త."